కొండ దిగే సైకిలు

ఈ సంచికకి ఏదైనా వ్రాసి పంపమని మన యూనియన్ మిత్రులు కబురు చేసినప్పుడు, పూర్వవిద్యార్థి అనేవాడు సాధారణంగా ఏం వ్రాస్తాడో నాకూ గుర్తొచ్చింది. పరాయి దేశంలో పట్టుదలతో ఎలా పైకి వచ్చాడో వ్రాస్తాడు. నేను మాత్రం కిందకి ఎలా వచ్చానో వ్రాస్తాను. అనగా కొండ మీద నించి కిందకి. అదీ సైకిలు మీద. అందులోనూ పాత సైకిలు మీద. పైకి వచ్చిన సంగతులు మిగతా పెద్దలు ఎలాగూ వ్రాస్తారు కనుక సంచికకి లోటేమీ వుండదు.

ముందుగా ఆ సైకిలంటే ఏమిటో చెప్పాలి. మన వూళ్ళలో సైకిలంటే పాల క్యాను మోసేది, గ్యాసు బండ మోసేది, అవసరమైతే సంసారం మొత్తాన్ని మోసేది. డౌన్‌హిల్ సైకిలు ఆ జాతి కాదు. దానికి క్యారేజీ లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, ఆఖరికి బెల్లు కూడా లేదు. బరువు మాత్రం 16 నించి 18 కిలోల దాకా తూగుతుంది. ముందు ఫోర్కు మోటారు సైకిలు ఫోర్కులాగా రెండు కాళ్ళతో హ్యాండిలు దాకా పైకి వస్తుంది. ముందు చక్రమూ వెనక చక్రమూ చెరో 200 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 8 అంగుళాలు, పైకీ కిందకీ ఆడతాయి. బండరాయి మీద నించి దూకితే ఆ దెబ్బని స్ప్రింగూ నూనే పంచుకుని మన నడుముకి కొంచెం మిగులుస్తాయి. బ్రేకులు నూనె వొత్తిడితో పనిచేసే డిస్కు బ్రేకులు. సీటు ఎంత కిందకి వుంటుందంటే, అది కూర్చోడానికి కాదు, వుందని చెప్పుకోడానికి. ఈ సైకిలు తొక్కి ఎత్తు ఎక్కడం దాదాపు అయ్యే పని కాదు. లిఫ్టులో పైకి చేర్చి, దిగడానికే వాడతారు.

ఈ సంగతి ఫోనులో చెబితే మా నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "సింహాచలం మెట్లెక్కుతానని మొక్కుకున్నవాళ్ళని చాలామందిని చూశాను గానీ, దిగడానికి డబ్బులిచ్చేవాణ్ణి నిన్నే చూస్తున్నానురా" అన్నారు.

నాన్నగారి మాటలో ఎత్తిపొడుపు కంటే లెక్క ఎక్కువ వుంది. 2021 సెప్టెంబరులో నేను కెనడా పడమటి తీరాన వున్న వాంకూవరుకి చదువుకోడానికి వచ్చాను. వచ్చింది బ్యాంకు అప్పుతో. అప్పుకి పూచీ మా ఇల్లు. అక్కడ శీతాకాలమంతా సన్నటి వాన, తెరిపి లేని వాన. గది, లేబరేటరీ, బస్సు, మళ్ళీ గది. పరీక్ష పోతే ఏమవుతుంది, వీసా పొడిగించకపోతే ఏమవుతుంది, ఉద్యోగం రాకపోతే ఇల్లు ఏమవుతుంది – ఇలా పగలూ రాత్రీ ఒకటే గుబులు. ఈ గుబులుకి ఒక రూపం వుండదు. తలుపు తీసి చూస్తే బయట ఎవరూ వుండరు, కానీ ఎవరో తలుపు కొడుతూనే వుంటారు.

బస్సులోంచి చూస్తే నీళ్ళకి అవతల సైప్రెస్, ఫ్రోమ్, సీమూర్ అనే మూడు కొండలు కనిపిస్తాయి. దూరపు కొండలు నునుపని చిన్నప్పుడు కాపీ పుస్తకంలో వ్రాసిన వాళ్ళమే కదా మనమంతా. ఈ కొండలూ దూరానికి నునుపే. దగ్గరికి వెళితే చెట్ల వేళ్ళు, నాచు పట్టిన బండలు, వాటి మధ్య దేవదారు చెక్కలతో కట్టిన సన్నటి నిచ్చెన వంతెనలు. ఇవి అక్కడి సైకిలు పిచ్చివాళ్ళు తమ చేతులతో కట్టుకున్నవి. 2022 వేసవిలో మా లేబరేటరీలో పనిచేసే స్నేహితుడు నన్ను వాంకూవరుకి ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో వున్న విస్లరుకి తీసుకుపోయాడు. అక్కడ చలికాలంలో మంచు మీద జారడానికి వాడే లిఫ్టుల్నే 1999 నించి వేసవిలో సైకిలు పార్కుకి వాడుతున్నారు. ఒక పూటకి సైకిలూ హెల్మెట్టూ అద్దెకి తీసుకున్నాం. మన వూళ్ళో గంటకింత అని అద్దె సైకిళ్ళు తొక్కిన వాణ్ణే కదా, అద్దె అనే మాట కొంచెం ధైర్యమిచ్చింది.

మొదటిసారి దిగేటప్పుడు భయం వేసింది. వెయ్యకుండా వుంటే మనిషి కాదు. కానీ అది వేరే రకం భయం. ఆ మలుపు ఒక భయం, ఆ వేరు ఒక భయం, ఆ బండ ఒక భయం. ప్రతి భయానికీ ఒక చోటు వుంది, ఎదురుగా కనిపిస్తుంది, దాటగానే వెనకపడుతుంది. ఏడెనిమిది నిమిషాల తరవాత కింద ఆగి చూసుకుంటే చేతులు వొణుకుతున్నాయి గానీ, బ్యాంకూ వీసా ఆ ఏడెనిమిది నిమిషాలూ ఒక్కసారి కూడా గుర్తు రాలేదని తట్టింది. వచ్చిన దగ్గర్నించీ అంతసేపు అవి గుర్తు రాకపోవడం అదే మొదలు. ఆ రోజే నిశ్చయించుకున్నాను, నాకొక సైకిలు కావాలని.

ఇది డబ్బున్నవాళ్ళ వేడుక కదా అని మీరు అనవచ్చు. ఇవాళ చూస్తే నిజమే. కానీ పుట్టుక అలాంటిది కాదు. కాలిఫోర్నియాలో మేరిన్ కౌంటీ అని వుంది. అక్కడ ఫెయిర్‌ఫాక్స్ అనే వూరి దగ్గర, రెండు మైళ్ళ లోపు దూరంలో 1,300 అడుగుల లోతుకి దిగిపోయే ఒక మట్టి దారి వుంది. 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్ళు ఆ దారిలో పందెం పెట్టుకున్నారు. వాళ్ళ సైకిళ్ళు కొత్తవి కావు. 1930, 40లలో తయారై, మూలన పడివున్న లావు టైర్ల పాత సైకిళ్ళని కారుచవకగా తెచ్చుకుని, తమ చేతులతో బాగుచేసుకున్నవి. వాటికి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులుండేవి. ఒక్కసారి కిందకి దిగేసరికి హబ్బు లోపలి గ్రీజు కాగి పొగై పోయేది. మళ్ళీ గ్రీజు కూరుకుంటే గానీ రెండోసారి దిగడానికి లేదు. మళ్ళీ కూరడాన్ని ఇంగ్లీషులో 'రీప్యాక్' అంటారు గనక ఆ దారికి అదే పేరు స్థిరపడింది. ఆ పందేల్లో గేరీ ఫిషర్ అనే ఆయన 4 నిమిషాల 22 సెకన్లలో దిగి రికార్డు పెట్టాడు. జో బ్రీజ్ అనే మరొకాయన 1977లో ఈ పనికని ప్రత్యేకంగా కొత్త ఫ్రేము కట్టాడు. 1990లో అమెరికాలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ పోటీలు జరిగేనాటికి అది పెద్ద క్రీడ అయి కూర్చుంది. కనుక పాత సైకిలు కొనుక్కుని కొండ దిగడమంటే ఆటని తక్కువ చెయ్యడం కాదు, దాని పుట్టింటికి వెళ్ళడం.

ఇక డబ్బు సంగతి. ఈ రకం సైకిలు కొత్తది కొనాలంటే అయిదారు వేల డాలర్లు పైమాటే. తరగతుల్లో సహాయకుడిగా పనిచేసి, ఇంటికి పంపగా, అద్దె కట్టగా, 2023 వేసవి నాటికి నేను వెనకేసింది 1,200 డాలర్లు. అప్పటి లెక్కన డెబ్భై వేల రూపాయల పైచిలుకు. ఈ గుణకారం వెయ్యకుండా అక్కడ మనవాడెవడూ కాఫీ కూడా తాగడు. ఆ 1,200 లోనే సైకిలూ, హెల్మెట్టూ, మోకాలి తొడుగులూ, మరమ్మతులూ అన్నీ జరగాలని కాగితం మీద వ్రాసి గోడకి అంటించుకున్నాను. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టుకునే గతి పట్టకూడదు కదా. పాత సైకిలు కొనడానికి డబ్బంతా పెట్టి, బ్రేకు కట్టలు మార్చడానికి లేక ఆగిపోయిన వాళ్ళని అక్కడ చాలామందిని చూశాను.

నాకు ఈ విద్యలో గురువు మా వూరి సైకిలు షాపు బాబాయి. ఆయన డౌన్‌హిల్ సైకిలు కంటితో చూసి ఎరగడు. కానీ నేను ఇంటర్లో వుండగా పాత సైకిలు బేరానికి వస్తే ఆయన చెప్పిన మాటలు కెనడాలోనూ చెల్లాయి. "రంగుకి డబ్బులియ్యకు బాబూ, రాడ్డుకియ్యి. ముందల బండి తిరగేసి సూడు. సెక్రం తిప్పి సూడు. ఏటి సప్పుడొస్తందో యిను. మాటలాడేది బండి, అమ్మేవోడు కాదు." ఇంతకంటే మంచి పాఠం నేను ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ చదవలేదు.

మొదట చూసిన సైకిలు ఎర్రగా నిగనిగలాడుతోంది. ధర 950. అమ్మే కుర్రాడు మంచివాడే. బాబాయి చెప్పినట్టు తిరగేశాను. ముందు బ్రేకు పట్టుకుని సైకిలుని ముందుకీ వెనక్కీ వూపాను. హ్యాండిలు దగ్గర కదలిక లేదు, బాగుంది. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకి లాగితే టక్కుమని చప్పుడు. అంటే వెనక చట్రం మడత దగ్గరి బేరింగులు అరిగాయి. అది డబ్బుతో పోయే జబ్బు. ఫోర్కు లోపలి నున్నటి గొట్టం మీద గోరు పెట్టి రాస్తే ఒక చోట గోరు తగులుకుంది. అక్కడ నించి నూనె కారుతుంది, దుమ్ము లోపలికి పోతుంది. అదీ డబ్బుతో పోయే జబ్బే, డబ్బు ఎక్కువ. తరవాత టార్చి వేసి చూస్తే, ముందు గొట్టం దగ్గర అతుకు పక్కన రంగులో వెంట్రుకంత గీత. తుడిస్తే పోలేదు. అది రంగు పగులు కాదు, లోహపు పగులు. ఆ చోటే ప్రతి దెబ్బనీ మోసేది. దిగుతుండగా ముందు గొట్టం విరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఆ కుర్రాడికి గీత చూపించాను. పాపం, మొహం పాలిపోయింది. అంతకు ముందు వారమే దాని మీద దూకి వచ్చాడట. ఇక అది అమ్మనని అక్కడే చెప్పాడు.

రెండోది రెండేళ్ళు కూడా దాటని సైకిలు. కొత్తది ఆరు వేలైనా వుంటుంది. ధర 900 అన్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఒక పెద్ద దుకాణం పార్కింగు దగ్గరికి నగదుతో రమ్మన్నాడు. వెళ్ళాను, వెంట మా స్నేహితుడు కూడా వచ్చాడు. సైకిల్లో ఒక్క లోపం లేదు. చక్రం తిప్పితే నిశ్శబ్దం. తిరగేస్తే, పెడళ్ళ ఇరుసు వుండే గొట్టం కింద ఫ్రేము నంబరు వుండాల్సిన చోట ఆకురాయితో అరగదీసిన తెల్లటి మచ్చ. వాంకూవరు పోలీసులు 2015 నించి 'ప్రాజెక్ట్ 529' అనే సైకిళ్ళ రిజిస్ట్రీ వాడుతున్నారు. ఫ్రేము నంబరు వుంటే అది ఎవరిదో, పోయిందని ఎవరైనా చెప్పారో తెలుస్తుంది. నంబరే లేకపోతే ఏం వెదుకుతారు?

నిజం చెప్పొద్దూ, జేబులో తొమ్మిది వందలూ చెయ్యి పెడితే తగులుతున్నాయి. ఇలాంటి సైకిలు నా బతుకులో మళ్ళీ ఈ ధరకి రాదు. "నువ్వు దొంగతనం చెయ్యలేదుగా, నువ్వు కాకపోతే ఇంకొకడు కొంటాడు" అనే మాట ఎవరూ చెప్పకుండానే చెవిలో వినపడుతుంది. అప్పుడు నాకు కాలేజీలో మా రూమ్మేటు జ్ఞాపకం వచ్చాడు. పార్వతీపురం అవతల పల్లె నించి వచ్చినవాడు. సాయంత్రాలు రెండు పేటల్లో ట్యూషన్లు చెప్పి మెస్ బిల్లు కట్టుకునేవాడు. ఒకనాడు ట్యూషన్ ఇంటి గేటు ముందు అతని సైకిలు పోయింది. కొత్తది కాదు, పన్నెండు వందలకి కొన్న పాత సైకిలు. రెండు పేటల మధ్య నడిచి వేళకి చేరలేక ఒక ట్యూషన్ పోయింది. ఆ నెలంతా రాత్రి భోజనం మానేసి, ఆకలి లేదని మాతో చెప్పాడు. అతని సైకిలు కూడా ఎవరో ఎక్కడో చవకగా కొనే వుంటారు. కొన్నవాడు నాలాగే, "నేను దొంగని కాను కదా" అనుకునే వుంటాడు.

"నాకు వద్దు" అని చెప్పి వచ్చేశాను. మర్నాడు పొద్దున్న పోలీసుల మామూలు నంబరుకి ఫోను చేసి, చోటూ సైకిలు ఆనవాళ్ళూ చెప్పాను. బస్సులో తిరిగి వస్తున్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంటూనే వుంది. మంచి పని చేసినవాడికి వెంటనే హాయిగా వుంటుందని కథల్లో వ్రాస్తారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ సైకిలే కళ్ళముందు తిరిగింది.

మూడోది 2011 నాటిది. చక్రాలు 26 అంగుళాలవి. ఇక్కడ ఒక సూక్ష్మం వుంది. 2014 ప్రాంతంలో ఈ సైకిళ్ళకి 27.5 అంగుళాల చక్రాలు వచ్చాయి. 2017 తరవాత 29 అంగుళాలవీ వచ్చాయి. దాంతో 26 అంగుళాల సైకిళ్ళ ధర పడిపోయింది. టైర్లు ఇంకా దొరుకుతాయి గానీ ఎంపిక తక్కువ. పందెం కొట్టాలనుకునేవాడికి అది లోపం. నాలాంటి వాడికి అదే వరం. లోకం ఫ్యాషను మార్చుకున్నప్పుడు మనకి మంచి వస్తువు చవకగా దొరుకుతుంది.

అమ్మేది యాభై దాటిన ఒక వడ్రంగి. ఆజానుబాహువు. మోకాళ్ళు అరిగి ఆట మానేశాడు. ధర చెప్పకముందే నన్ను అడిగాడు, "ఎక్కడ తొక్కుతారు? ఎన్నాళ్ళనించి తొక్కుతున్నారు?" అని. పిల్లనిచ్చేవాడు అడిగినట్టు అడిగాడు. తరవాత లోపల నించి ఒక నోటుపుస్తకం తెచ్చాడు. ఏ తేదీన ఫోర్కు నూనె మార్చాడో, ఎప్పుడు బేరింగులు వేశాడో, ఎప్పుడు ఎక్కడ పడి ఏది వంగిందో, అంతా పన్నెండేళ్ళ జాతకం. పడిన సంగతులు కూడా వ్రాసుకున్నవాడి మాట నమ్మవచ్చు అనిపించింది. అయినా బాబాయి మాట ప్రకారం తిరగేసి చూశాను. నంబరు స్పష్టంగా వుంది. రిజిస్ట్రీలో ఆయన పేరే వుంది. అతుకులు శుభ్రం. చైను అరుగుదల కొలిచే చిన్న కొలబద్ద పెడితే ఇంకా పని చేస్తుందని తేలింది. బ్రేకు కట్టలు అయిపోయాయి, వెనక టైరు అయిపోయింది, ఫోర్కు సీళ్ళు చెమ్మగిల్లాయి. ఇవన్నీ ఆయనే ముందు చెప్పాడు.

ఒక్క చిక్కు మిగిలింది. వెనక స్ప్రింగు మీద 500 అని అంకె వుంది. దాన్ని ఒక అంగుళం నొక్కాలంటే 500 పౌండ్ల బరువు పడాలని అర్థం. ఆయన 95 కిలోల మనిషి, నేను 62. మనం ఎక్కి నిలబడితే వెనక భాగం తన ప్రయాణంలో మూడో వంతుకి కొంచెం తక్కువ దిగాలి; నా కింద అది కదలనే లేదు. అలాంటి సైకిలు రాయి మీద గుర్రంలా ఎగిరి మనిషిని విసిరేస్తుంది. ముందు ఫోర్కులో గాలి వుంది గనక పంపుతో సరిపోతుంది. స్ప్రింగు మాత్రం కొనాలి. నేను లెక్కలు వేసుకుంటుంటే ఆయన గరాజులోకి వెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు. అందులో 350 స్ప్రింగు. వాళ్ళమ్మాయి పదిహేనేళ్ళ వయసులో ఈ సైకిలు తొక్కేదట, అప్పుడు వేసినది. 800 అన్నాడు, 650 అన్నాను, 700కి కుదిరింది. స్ప్రింగుకి డబ్బు తీసుకోలేదు. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ.

ఖర్చు వివరం అడిగేవాళ్ళ కోసం వ్రాస్తున్నాను. సైకిలు 700. మొహం మొత్తం కప్పే హెల్మెట్టు 190. ఇది మాత్రం కొత్తదే కొన్నాను. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్టు లోపలి నురగ నలిగిపోయి వున్నా పైకి కనిపించదు గనక, పాతది ఎంత చవకైనా కొనకూడదు. మోకాలి తొడుగులు 70. బ్రేకు కట్టలు 40. ఫోర్కు సీళ్ళూ నూనే 60. పని మా స్నేహితుడి గరాజులో మేమే చేసుకున్నాం. వెనక టైరు 80. వెరసి 1,140. మిగిలిన 60తో వాళ్ళ కుటుంబాన్నీ మా స్నేహితుణ్ణీ గదికి పిలిచి ముద్దపప్పూ ఆవకాయా భోజనం పెట్టాను. ఆవకాయ తిన్నాక ఆ వడ్రంగి, కొండ దిగడం కంటే ఇదే ప్రమాదం అన్నాడు.

విస్లరు లిఫ్టు టికెట్టు నాకు ఏడాదికి ఒకటి రెండుసార్లకే అందుతుంది. మిగతా రోజుల్లో సైకిలుతో పడవెక్కి నీళ్ళు దాటి, ఫ్రోమ్ కొండ మీదకి మట్టి రోడ్డున తోసుకుంటూ ఎక్కుతాను. తొయ్యడానికి గంటన్నర, దిగడానికి పది నిమిషాలు. ఈ నిష్పత్తి చూసి నవ్వేవాళ్ళున్నారు. కానీ ఆ గంటన్నరలో బ్యాంకూ వీసా నాతోపాటే ఎక్కుతాయి. దిగేటప్పుడు మాత్రం వాటికి సీటు వుండదు. అప్పున్నవాడు ఆడకూడదని ఒక నియమం మనలో చాలామంది మనసులో వుంటుంది. అప్పు తీరేది నెలకింత అని. మనిషి ఆ నెలలన్నీ నిలబడి వుండాలి కదా. నేను నిలబడింది దీనివల్లే అని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఆఖరుగా మన యూనియన్ వారికి ఒక మనవి. ఏటా పరీక్షలు కాగానే ఆఖరు సంవత్సరం వాళ్ళు సైకిళ్ళు అమ్మేస్తారు, జూలైలో వచ్చే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వాటినే కొంటారు. అమ్మేవాళ్ళు ఒక కాగితం మీద ఫ్రేము నంబరు, కొన్న సంవత్సరం, మార్చిన సామాను, ఎక్కడ దెబ్బ తిన్నదో నాలుగు వరసలు వ్రాసి సంతకం పెట్టి ఇవ్వండి. యూనియన్ ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టి ఆ నంబర్లు ఎక్కించండి. రూపాయి ఖర్చు లేని పని. ఎవరి సైకిలైనా పోతే వెదకడానికి ఒక ఆధారం వుంటుంది. మెస్ బిల్లుకి ట్యూషన్లు చెప్పుకునే కుర్రాడికి రాత్రి భోజనం వుంటుంది. నా సైకిలు నోటుపుస్తకంలో ఆ వడ్రంగి చేతివ్రాత కింద ఇప్పుడు నా చేతివ్రాత నడుస్తోంది. పోయిన వేసవిలో నేను పడిన చోటూ, వంగిన బ్రేకు లీవరూ కూడా వ్రాశాను. రేపు కొనబోయేవాడికి ఆ సంగతి తెలియాలి.